పాపకు పాతబడని పేరు: ‘ణ’ అక్షరం, మోపిదేవి మొక్కు, జనన ధ్రువపత్రం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ సంగతి. పాప హస్తా నక్షత్రం మూడో పాదంలో పుట్టింది. పురోహితులు ‘ణ’ అక్షరం చెప్పారు, దానితో మొదలయ్యే పేరు ఒక్కటీ దొరకడం లేదు. గుంటూరులో ఉన్న మీ అత్తగారు మోపిదేవి సుబ్రహ్మణ్యస్వామికి మొక్కుకున్నారు కాబట్టి పేరులో ‘నాగ’ ఉండాలంటున్నారు. విజయవాడలో ఉన్న మీ అమ్మగారు దుర్గమ్మ పేరు కలవాలంటున్నారు. మీ దంపతులిద్దరికీ మాత్రం పాతకాలపు అందం ఉన్న ఒకే ఒక్క పేరు, పొడవు లేనిది, రేపు పిల్ల ఏ దేశం వెళ్లినా ఇబ్బంది పెట్టనిది కావాలి. ఇరవై ఒకటో రోజు బారసాల దగ్గర పడుతోంది. గుంటూరులో తెలుగు ఉపాధ్యాయురాలిగా, తరువాత ప్రధానోపాధ్యాయురాలిగా పనిచేసి విరమించాను కనుక, పిల్లల పేర్లు హాజరు పిలుపులో ఎలా పలుకుతాయో, పదో తరగతి నామినల్ రోల్స్‌కు (పరీక్షకు పంపే పేర్ల జాబితాకు) చేరేసరికి ఏమేమి అవస్థలు పడతాయో దగ్గరగా చూశాను. అక్కడి నుంచే మాట్లాడతాను.

ముందుగా, పాతబడిన పేరు వేరు, పాతదైనా నిలిచిన పేరు వేరు. బడిలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు వరుసగా తిరగేసి, పుట్టిన తేదీ ఉన్న గడిని చేత్తో మూసి, పేర్లు మాత్రమే చదివినా ఆ పిల్లలు ఏ కాలం వారో ఇట్టే చెప్పవచ్చు. వరలక్ష్మి, సుబ్బలక్ష్మి, రత్నకుమారి, సూర్యకాంతం ఒక పుట నిండా ఉంటే అది ఒక తరం. హేమలత, శ్రీలత, పద్మజ, శైలజ వరుసగా వస్తే దాని తరువాతి తరం. మౌనిక, స్రవంతి, హారిక, ప్రియాంక మొదలైతే ఇంకో పాతికేళ్లు ముందుకు వచ్చామన్న మాట. ఈమధ్య చేరుతున్న పిల్లల్లో ‘న్వి’తోనో, ‘ఇక’తోనో, ‘ఇత’తోనో ముగిసే పేర్లు ఎక్కువ. ఇవేవీ చెడ్డ పేర్లు కావు, అయితే పుట్టిన సంవత్సరాన్ని పేరులోనే మోస్తుంటాయి. ఈ పుటలన్నిటిలోనూ, ఏ పుటలోనూ గుంపుగా కాకుండా, ఏ పుటలోనూ పూర్తిగా మాయం కాకుండా ఒక్కొక్కరుగా కనిపించే పేర్లు కొన్ని ఉన్నాయి: లలిత, జానకి, గౌరి, శారద, మాధవి, రేవతి, ఉమ, సుభద్ర, అరుణ. మీరు అడుగుతున్నది ఈ కోవ పేరు.

ఇవి నిలవడానికి కారణం పురాణం ఒక్కటే అని నేను అనుకోను. పురాణాల్లో ఉండి కూడా వాడుకలోకి రాని పేర్లు కొల్లలు. నిలిచిన పేర్లకు ఒక స్థిరమైన రూపం ఉంటుంది. విన్నవారు తడుముకోకుండా రాస్తారు, చూసినవారు తడుముకోకుండా చదువుతారు, నాలుగేళ్ల పిల్లకూ బ్యాంకు మేనేజరుకూ డెబ్బై ఏళ్ల పెద్దావిడకూ ఒకేలా నప్పుతాయి. ‘అలేఖ్య’ అనే పేరునే తీసుకోండి. ‘ఆలేఖ్యం’ అంటే చిత్రం, రాసిన బొమ్మ. మొదటి అక్షరానికి దీర్ఘం తీసేస్తే ‘రాయడానికి వీలు కానిది’ అనే అర్థం వస్తుంది. తల్లిదండ్రులు బొమ్మలా ఉందని మురిసి పెట్టుకున్న పేరు, రిజిస్టరు రాసే చెయ్యిని బట్టి ఒక పుటలో బొమ్మగానూ ఇంకో పుటలో దానికి విరుద్ధంగానూ మారిపోతుంది. ‘తన్వి’కి సన్నని దేహం గలది అని సంస్కృతంలో స్పష్టమైన అర్థం ఉంది, కానీ ఆ ముగింపు చెవికి ఇంపుగా ఉందని దానికి ముందు ఏదో ఒక అక్షరం చేర్చి అల్లిన పేర్లలో చాలావాటికి అలాంటి ఆధారం లేదు. అర్థం చెప్పే వెబ్‌సైటును బట్టి లక్ష్మి అనో, వెలుగు అనో, ఆనందం అనో మారుతూ ఉంటుంది. పిల్ల పెద్దదై నా పేరుకు అర్థమేమిటి అని అడిగితే తడబడకుండా ఒక్క మాటలో చెప్పగలిగిన పేరు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. ‘అనసూయ’ అంటే అసూయ లేనిది. ‘అపర్ణ’ అంటే శివుని కోసం తపస్సు చేస్తూ ఆకులు తినడం కూడా మానేసిన పార్వతి. ఇలా ఉండాలి.

శాస్త్రం ఏమంటుందో కూడా కొంచెం చూద్దాం, ఎందుకంటే బారసాల నాడు ఎవరో ఒకరు తప్పకుండా ఆ ప్రసక్తి తెస్తారు. స్త్రీల పేరు సుఖంగా పలకగలిగేదిగా, కఠినంగా లేనిదిగా, అర్థం స్పష్టమైనదిగా, మనోహరంగా, మంగళకరంగా, చివర దీర్ఘం ఉన్నదిగా ఉండాలని మనుస్మృతి రెండో అధ్యాయంలో ఉంది. మన వైపు చాలా కుటుంబాలు అనుసరించే ఆపస్తంబ గృహ్యసూత్రం ఆడపిల్ల పేరులో బేసి సంఖ్యలో అక్షరాలు ఉండాలంటుంది. ఇందులో మొదటి మాట నిజంగా పనికివచ్చే మాట. తెలుగులో సీతా, రమా, గౌరీ అనే సంస్కృత రూపాలు సీత, రమ, గౌరిగా కురచబడ్డాయి, అయినా పిలిచేటప్పుడు ఆ దీర్ఘం దానంతట అదే తిరిగి వస్తుంది. వీధి గుమ్మంలో నిలబడి సందు చివర ఆడుకుంటున్న పిల్లను ‘లలితా!’ అనో ‘గౌరీ!’ అనో కేకేసి చూడండి, గొంతు చక్కగా సాగుతుంది. మీ జాబితాలోని ప్రతి పేరునూ ఇలా ఒకసారి బయటికి పిలిచి చూడమని నా సలహా. కాగితం మీద నాజూగ్గా కనిపించే పేర్లు కొన్ని ఈ పిలుపులో మధ్యలోనే విరిగిపోతాయి.

రెండో నియమాన్ని మాత్రం మన పెద్దలే ఎన్నడూ గట్టిగా పట్టుకోలేదు. సీత, రాధ, ఉమ, గౌరి, గంగ అన్నీ రెండక్షరాల పేర్లే కదా. అదే మనుస్మృతి మూడో అధ్యాయంలో నక్షత్రం పేరు, చెట్టు పేరు, నది పేరు ఉన్న కన్యను పెళ్లాడవద్దని కూడా ఉంది. దాన్ని పాటించి ఉంటే రోహిణి, రేవతి, తులసి, గంగ, యమున ఏ ఇంట్లోనూ ఉండేవారు కారు. కృష్ణ ఒడ్డున ఉన్న మన రెండు జిల్లాల్లోనైతే కృష్ణవేణి లేని వీధి ఒకప్పుడు ఉండేది కాదు. కాబట్టి అక్షరాల లెక్క చెప్పి ఎవరైనా మంచి పేరును కాదంటే, వాదించవద్దు, నవ్వి ఊరుకోండి.

ఇక ‘ణ’ సంగతి. హస్త నాలుగు పాదాలకు పూ, ష, ణ, ఠ అనేవి అక్షరాలు. ‘ణ’తో మొదలయ్యే పేరు వాడుకలో లేదు, ఉండదు కూడా, ఎందుకంటే తెలుగులో ఆ అక్షరంతో మాటే మొదలు కాదు. ఆర్ద్రలో ‘ఙ’, ఉత్తరాభాద్రలో ‘ఝ’, ‘థ’ వచ్చిన వారిదీ ఇదే అవస్థ, కనుక మీరొక్కరే చిక్కుకున్నారని అనుకోకండి. నక్షత్రాన్ని బట్టి పెట్టేది జన్మనామం, నలుగురూ పిలిచేది వ్యవహారనామం, ఇవి రెండూ ఒకటే కావాలన్న నియమం లేదు. వెనుకటి రోజుల్లో జన్మనామాన్ని బయటికి చెప్పేవారే కారు. ఇంటి పెద్దలకూ పురోహితుడికీ మాత్రమే తెలిసి ఉండేది. పళ్లెంలో బియ్యం పోసి బంగారు ఉంగరంతో పేరు రాయించేటప్పుడు జన్మనామం, దేవతా నామం, వ్యవహారనామం వరుసగా రాయించి పిల్ల చెవిలో చెప్పించడం చాలా ఇళ్లలో ఇప్పటికీ ఉంది. మీ పురోహితులను అడగండి. చాలామంది అదే నక్షత్రంలోని వేరే పాదం అక్షరానికి అభ్యంతరం చెప్పరు, కొందరు ‘ణ’కు బదులు ‘న’ను కూడా ఒప్పుకుంటారు. ‘పూ’ అక్షరానికి మారగలిగితే మీ సమస్య సగం తీరినట్లే.

అత్తగారి మొక్కును తేలిగ్గా తీసుకోవద్దు. మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరునికి సంతానం కోసం మొక్కుకోవడం, పుట్టిన బిడ్డకు నాగ అనో సుబ్బ అనో కలిపి పేరు పెట్టడం కృష్ణా, గుంటూరు జిల్లాల్లో తరతరాల ఆచారం. మన చుట్టూ ఉన్న నాగమణులు, నాగలక్ష్ములు, నాగేశ్వరరావులు, సుబ్బారావులు ఎంతమందో ఆ మొక్కు వల్ల వచ్చినవారే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ, కోటప్పకొండ త్రికోటేశ్వరుడు, పెదకాకాని మల్లేశ్వరుడు, భ్రమరాంబ కూడా ఇలాగే మన రిజిస్టర్ల నిండా ఉన్నారు. అయితే మొక్కు తీరడానికి ‘నాగ’ అనే రెండక్షరాలే కావాలా, స్వామి పేరు ఏదైనా చాలునా అన్నది అత్తగారినే కూర్చోబెట్టి నెమ్మదిగా అడగవలసిన ప్రశ్న. స్వామి పేరు చాలునంటే దారి చాలా విశాలమవుతుంది. వల్లి, దేవసేన ఇద్దరూ సుబ్రహ్మణ్యస్వామి దేవేరులు, రెండూ పాతబడని పేర్లే. ఇంకొకటి ఉంది: షణ్ముఖప్రియ. అది కర్ణాటక సంగీతంలో 56వ మేళకర్త రాగం, అందులో స్వామి పేరుంది, హస్త రెండో పాదపు ‘ష’తో మొదలవుతుంది, మూడో పాదపు ‘ణ’ లోపలే ఉంది, పైగా అయిదక్షరాలు కనుక బేసి లెక్క చూసేవారికీ తృప్తి. జన్మనామంగా ఇంతకన్నా చక్కనిది మీకు దొరకదేమో. కానీ రోజువారీ పేరుగా దీన్ని నేను సూచించను. ఒత్తులతో నిండిన ఈ పేరును ఒకటో తరగతి పిల్ల తన చేత్తో తాను రాసుకోవడానికి ఏడాది పడుతుంది, ఇంగ్లీషు అక్షరాల్లో చూసినవాడు ‘ణ్ము’ దగ్గరే ఆగిపోతాడు, చివరికి అందరూ ‘ప్రియ’ అనే తోకను మాత్రమే పిలుస్తారు.

మీ అమ్మగారి కోరిక నిజానికి అన్నిటికన్నా సులువైనది. దుర్గమ్మ పేరు అంటే దుర్గ, కనకదుర్గ, భవాని అనే మూడే అనుకుంటాం కానీ, ఇంద్రకీలాద్రి మీద దసరాల్లో అమ్మవారు రోజుకొక రూపంలో దర్శనమిస్తుంది కదా. బాలాత్రిపురసుందరి, గాయత్రి, అన్నపూర్ణ, లలితాత్రిపురసుందరి, మహాలక్ష్మి, మూలా నక్షత్రం రోజున సరస్వతి, చివర రాజరాజేశ్వరి. విజయవాడలో పుట్టిన ఆడపిల్లకు ఇంతకన్నా మంచి పేర్ల జాబితా ఏ పుస్తకమూ ఇవ్వలేదు. బాల, గాయత్రి, లలిత, అన్నపూర్ణ, రాజేశ్వరి అన్నీ ఏ దశాబ్దానికీ కట్టుబడనివి, అన్నీ దుర్గమ్మ పేర్లే. వీటిలో ‘అన్నపూర్ణ’ దగ్గర ఒక్క క్షణం ఆగండి. అందులో ‘పూ’ ఉంది, ‘ణ’ ఉంది. కురచ చేసి ‘పూర్ణ’ అంటే మొదటి పాదపు అక్షరంతోనే మొదలై, మీ పాప పాదపు అక్షరంతో ముగుస్తుంది.

ఈ సందర్భంలోనే నాయనమ్మ పేరు పెట్టే ఆచారం గురించి ఒక మాట, ఎందుకంటే మీ ఇంట్లో ఆ చర్చ ఇంకా రాలేదంటే రేపో మాపో వస్తుంది. అత్తగారు బతికి ఉండగా ఆవిడ పేరు పిల్లకు పెడితే కోడలు ఆ పేరుతో పిల్లను పిలవలేదు, కసరలేదు. అందుకే అలాంటి పిల్లలు బడికి వచ్చేదాకా అమ్మడు, బుజ్జి, చిట్టి, పాప అనే పేర్లతోనే పెరిగేవారు, హాజరు పిలిస్తే తమ పేరు తామే గుర్తుపట్టక అయోమయంగా చూసేవారు. పెద్దావిడ పేరు నిలపాలని ఉంటే దానిలోని మూలాన్ని తీసుకోవడం మంచిది. రత్తమ్మ గారి మనవరాలు రత్న కావచ్చు, రాజ్యలక్ష్మమ్మ గారి మనవరాలు రాజ్యశ్రీ కావచ్చు. మంగళగిరి నరసింహస్వామి దేవేరి రాజ్యలక్ష్మి కనుక ఆ పేరు గుంటూరు వైపు ఎంతగా ఉందో మీకు నేను చెప్పక్కరలేదు. పిచ్చమ్మ, పుల్లమ్మ, పెంటమ్మ లాంటి పేర్లను చూసి ఈ కాలం వారు నవ్వుతారు కానీ, వాటిలో చాలావాటి వెనుక పుట్టిన బిడ్డలు దక్కకపోతే దిష్టి తగలకూడదని కావాలనే మోటు పేరు పెట్టిన తల్లులున్నారు. ఆ పేర్లను ఇప్పుడు తిరిగి పెట్టమని ఎవరూ అనరు, నవ్వకుండా ఉంటే చాలు.

మీరు రాసిన జాబితాలో ‘సీత’ను కొట్టేశారు. సీత కష్టాలు వస్తాయన్న భయమే కారణమని ఊహిస్తున్నాను. ఈ భయం చాలామందికి ఉంది కానీ వింత ఏమిటంటే జానకి, వైదేహి, మైథిలి అంటే ఎవ్వరూ జంకరు. మూడూ ఆవిడ పేర్లే. ద్రౌపది అనడానికి వెనుకాడతారు, కృష్ణ అని ఆవిడ అసలు పేరు పెట్టుకోవడానికి వెనుకాడరు. పేరు వల్ల కష్టం వస్తుందన్నది నేను నమ్మను. అయినా ఇంట్లో ఒక్కరి మనసులో శంక ఉన్నా ఆ పేరు వదిలేయడమే మేలు, పిల్లకు జ్వరం వచ్చిన ప్రతిసారీ ఆ శంక పైకి వస్తుంది.

‘సిరి’తో మొదలయ్యే పేర్లు మరీ కొత్తవి, వద్దు అని మీ వారు అన్నారట. ఇక్కడ ఆయనతో నేను ఏకీభవించను. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు ప్రాకృత శాసనాల్లో, అంటే సుమారు 1,700 ఏళ్ల కిందట, రాజకుటుంబపు స్త్రీల పేర్లు వరుసగా ‘సిరి’తో ముగుస్తాయి. అక్కడి మహాచైత్యాన్ని, అంటే పెద్ద బౌద్ధ స్తూపాన్ని, పునరుద్ధరించిన చాంతిసిరి శాంతమూల మహారాజు తోబుట్టువు. కొడబలిసిరి ఆ వంశపు ఆడపడుచు. బోధిసిరి అనే ఉపాసిక రాణి కాదు, ఒక గృహస్థురాలు, అయినా చైత్యగృహం కట్టించి తన దానాలన్నీ రాతి మీద చెక్కించింది. తెలుగులో సిరి అంటే ఈ ప్రాకృతపు మాటే. పల్నాటి నేల మీద ఆడపిల్లను సిరి అని పిలవడం మన దగ్గర దొరికే అతి పాత ఆధారాల్లో ఒకటి. నా మటుకు నాకు ‘సిరి’ అనే పేరు లలిత పక్కన కూర్చోదగినదే, కాకపోతే పదేళ్లుగా ‘సిరి’కి ఇంకేదో ఒకటి తగిలించి పెట్టడం ఎక్కువైంది కనుక కొత్తదిగా కనిపిస్తోంది. మొల్ల కూడా అలాంటిదే. పువ్వు పేరు, కవయిత్రి పేరు, రెండే అక్షరాలు. ఎందుకో ఎవరూ పెట్టుకోరు. పాత శాసనాల్లో కనిపించే గణపాంబ వంటి ‘అంబ’ ముగింపు పేర్లు మాత్రం భ్రమరాంబ దగ్గరే ఆగిపోయాయి, వాటిని తిరిగి లాగడం కష్టం.

రాగాల పేర్లు మీకు ఇష్టమని రాశారు. కళ్యాణి, మోహన, శ్రీరంజని, హేమవతి అందరికీ తెలిసినవే, మీకు ‘ణ’ కూడా కావాలి కనుక కళ్యాణిని జాబితాలో ఉంచండి. ‘మహతి’ నారదుని వీణ పేరు, పలకడానికి హాయిగా ఉంటుంది, అదీ మంచిదే. మీ స్నేహితురాలి కుటుంబం క్రైస్తవులనీ, వారి పాపకు కూడా ఇలాంటి పేరు చెప్పమనీ అడిగారు. గుంటూరులో లూథరన్ మిషన్ 1842 నుంచి ఉంది, గుణదల మేరీమాత ఉత్సవం విజయవాడలో ఊరందరిదీ. కనుక కరుణ, కృప, దీవెన, సువార్త అనే అచ్చంగా ఇక్కడి పేర్లు ఆ కుటుంబాల్లో తరాలుగా ఉన్నాయి. వాటిలో ‘దీవెన’ అన్నిటికన్నా అందమైనదని నా ఓటు.

ఇప్పుడు కాగితం సంగతి, ఇది మీరు అనుకున్నదానికన్నా పెద్ద విషయం. మన పొడవాటి పేర్లు బారసాల నాడు అందరినీ సంతోషపెడతాయి, ఆ తరువాత జీవితమంతా ఆ పిల్లను సతాయిస్తాయి. ఇంటిపేరు, ఆపైన వెంకట, నాగ, దుర్గ, చివర అసలు పేరు అని ఒక అమ్మాయి ఉందనుకోండి. బడి రిజిస్టరులో పొడి అక్షరాలు వేసి చివరి పేరు రాస్తారు, ఆధార్‌లో సగం విప్పుతారు, పాస్‌పోర్టులో పొడి అక్షరాలు ఒప్పుకోరు కనుక అన్నీ విప్పి రాయాలి. అక్కడి నుంచి విదేశీ విశ్వవిద్యాలయం వారు మొదటి మాటనే పేరుగా తీసుకొని ఆ అమ్మాయిని ‘వెంకట’ అని పిలుస్తారు. ఇలా తన పేరు తాను వినకుండా రెండేళ్లు చదివి వచ్చిన పూర్వ విద్యార్థినులు నాకు తెలుసు. కనుక కాగితం మీద ఇంటిపేరు, ఒక్క మాట పేరు, అంతే ఉండాలి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినా మారకపోయినా ఆ ఒక్క మాట ఒంటరిగా నిలబడగలిగి ఉండాలి.

ఇంగ్లీషు అక్షరాల కూర్పును కూడా ఇప్పుడే తేల్చుకోవాలి. ‘రమ’ అని ముద్దుగా పెట్టుకుంటే ఇంగ్లీషులో అది ‘రామ’తో కలిసిపోయి మగపేరు అవుతుంది. ‘లత’లోని ‘త’కు మనం హెచ్ కలుపుతాం, ఉత్తరాది వారు కలపరు. కలపకపోతే మన క్లర్కు ‘లట’ అని చదువుతాడు, కలిపితే ఢిల్లీ క్లర్కు ‘లథ’ అని చదువుతాడు. గీతకూ, సునీతకూ ఇదే తంటా. ‘ప్రజ్ఞ’ను ‘జె’తో రాసేవారున్నారు, ‘జి’తో రాసేవారున్నారు. ‘పూర్ణ’కు ‘యు’ ఒక్కటి వేయవచ్చు, ‘ఓ’లు రెండు వేయవచ్చు. ఏదైనా సరే, ఒకటి ఖాయం చేసి ఇంట్లో అందరికీ రాసి పంపండి. సంఖ్యాశాస్త్రం చెప్పిందని చివర ఇంకో ‘ఏ’ తగిలించడం, మధ్యలో ‘హెచ్’ దూర్చడం మాత్రం దయచేసి చేయకండి. ఆ ఒక్క అక్షరం టీసీలో పడిపోతుంది, పదో తరగతి మార్కుల జాబితాలో ఇంకోలా వస్తుంది, ఆ తరువాత అఫిడవిట్లు, మీసేవ కేంద్రాల చుట్టూ ప్రదక్షిణలు.

ఇవన్నీ చూశాక నా మాట ఇది. ధ్రువపత్రంలో ‘అన్నపూర్ణ’ రాయించి ఇంట్లో ‘పూర్ణ’ అని పిలవండి. నాలుగక్షరాలు కూడా పొడవనిపిస్తే ‘పూర్ణ’ అనే రాయించండి. దుర్గమ్మ అలంకారం కనుక మీ అమ్మగారికి తృప్తి, నక్షత్రాక్షరం కనుక పురోహితులకు తృప్తి. అత్తగారి మొక్కు కోసం బియ్యంలో రెండో పేరుగా నాగలక్ష్మి అనో షణ్ముఖప్రియ అనో రాయించి, వీలైతే మోపిదేవి తీసుకెళ్లి స్వామి సన్నిధిలో ఆ పేరుతోనే అర్చన చేయించండి. మొక్కు స్వామికి చెల్లాలి కానీ మున్సిపల్ కార్యాలయానికి కాదు కదా అని మీ వారి చేత చెప్పిస్తే ఆవిడ ఒప్పుకుంటారనే అనుకుంటున్నాను. పేరులో కనిపించి తీరాలని పట్టుబడితే, అప్పుడు పూర్ణను పక్కన పెట్టి ‘నాగశ్రీ’ అని ఒకే మాటగా పెట్టండి, రెండు ముక్కలుగా మాత్రం వద్దు. ‘అన్నపూర్ణ’ మరీ అమ్మమ్మల పేరులా ఉందని మీ వారు అంటే నా రెండో సూచన లలిత, మూడోది కళ్యాణి.

చివరిగా నమోదు. జననాన్ని 21 రోజుల్లోగా నమోదు చేయించాలి, దీన్ని సాధారణంగా ఆసుపత్రి వారే చేస్తారు, అప్పటికి పేరు ఖాయం కాకపోయినా ఫరవాలేదు. పేరు గడిని ఖాళీగా ఉంచి నమోదు చేయించి, నమోదైన తేదీ నుంచి 12 నెలల్లోగా రుసుము లేకుండా పేరు చేర్పించుకోవచ్చు, ఆ తరువాత ఆలస్య రుసుముతో 15 ఏళ్ల దాకా వీలుంది. అందువల్ల ఆసుపత్రి కౌంటరు దగ్గర ఎవరో తొందరపెట్టారని నోటికొచ్చిన పేరు చెప్పి రావద్దు. 2023 అక్టోబరు 1న, ఆ తరువాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ, పాస్‌పోర్టుకూ, ఓటరు జాబితాకూ పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం కనుక మీ పాపకు ఆ ఒక్క కాగితమే మూలం. చిన్న పిల్లల ఆధార్ కూడా దాన్ని చూసే ఇస్తారు. అచ్చుతప్పులు దిద్దించుకోవచ్చు కానీ, ఎక్కిన పేరును తీసేసి వేరే పేరు పెట్టించడం చాలా కష్టం. కార్యాలయానికి వెళ్లేటప్పుడు పాప పేరు, మీ ఇద్దరి పేర్లు తెలుగులోనూ ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లోనూ విడివిడిగా ఒక తెల్లకాగితం మీద రాసి తీసుకెళ్లండి, మీ ఇద్దరి పేర్లు మీ ఆధార్ కార్డుల్లో ఉన్నట్లే ఉండాలి. నోటితో చెప్పి రాయించవద్దు. కంప్యూటరులో ఎక్కించాక, ప్రింటు ఇచ్చేముందే తెర మీద ఒకసారి చూపించమని అడిగి, ‘ర్ణ’ వత్తు సరిగ్గా పడిందో లేదో, ఇంగ్లీషు కూర్పు మీ కాగితంలో ఉన్నట్లే ఉందో లేదో అక్షరం అక్షరం సరిచూసుకున్నాకే కిటికీ దగ్గర నుంచి కదలండి.